పుదీనా మడి

మరదలు నీళ్ళ డబ్బా మోసుకుంటూ వచ్చేసరికి వదిన మడి గట్టు మీద కూర్చుని చేతుల మట్టి దులుపుకుంటోంది. ముఖం వెలిగిపోతోంది.

"చూడు పిల్లా, నీకోసం ఆగితే అయ్యే పనేనా? కలుపంతా ఏరిపారేశా. అద్దంలా ఉంది మడి."

మరదలు చూసింది. గట్టు మీద కుప్పగా పడి ఉన్నవి తోటకూర మొలకలు. ఎర్రటి సన్నని కాడలు అప్పుడే మెడలు వాల్చేస్తున్నాయి. మడిలో వరుసగా నిలబడి ఉన్నది గడ్డి. ఒట్టి గడ్డి కూడా కాదు, చుట్టూ మట్టిని గుల్ల చేయించుకుని, మొదళ్ళకి మన్ను ఎగదోయించుకుని, పెంచి పోషించిన బిడ్డల్లా నిలబడిన గడ్డి. ఒక్క మొక్క కూడా వంకర పోలేదు. అంత ఓపిగ్గా చేసింది వదిన.

మరదలికి చేతిలో డబ్బా బరువు తెలిసొచ్చి కింద పెట్టింది.

"బాగుంది వదినా," అంది.

ఆ మాటకి వదిన తల చటుక్కున పక్కకి తిప్పింది. తర్వాత లేచి, కొంగు దులుపుకుని, నీళ్ళు పోద్దాం పద అంది. ఇద్దరూ కలిసి గడ్డికి నీళ్ళు పోశారు.

ఆ స్థలంలో ఒకప్పుడు ఇటుకల గోదాము ఉండేది. అది కూలిపోయాక ఎవరూ పట్టించుకోలేదు. చుట్టూ ఎత్తైన ఇళ్ళు లేచాయి, మధ్యలో అది మాత్రం చెత్త పోసే గుంటలా మిగిలిపోయింది. చుట్టుపక్కల ఆడవాళ్ళే ఒకరిని చూసి ఒకరు వచ్చి ఇటుక ముక్కలు ఏరి, మట్టి మోసుకొచ్చి పోసి, మడులు కట్టారు. గునపం ఎలా పట్టుకోవాలో, మడికి వాలు ఎటు పెట్టాలో వాళ్ళలో చాలామందికి చూపించింది వదినే. అందుకే అక్కడ అందరికీ ఆమె పెద్దక్క.

ఒక మడికి ఇద్దరు ఆడవాళ్ళు. అది మొదటి రోజు పెట్టుకున్న నియమం. ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు నీళ్ళు పోయాలి. జోడీ విడిపోతే మడి సంఘానికి పోతుంది. వదినా మరదళ్ళు జోడీ కట్టినప్పుడు అందరూ నవ్వారు. ఇంట్లో పొయ్యి పంచుకున్నది చాలక ఇక్కడ మడి కూడానా అన్నారు. నవ్వినట్టే ఉండేది వాళ్ళ పని కూడా. మరదలు వరుస వేస్తే పాము పాకినట్టుందని వదిన వంకపెట్టేది. వదిన గొప్పు తవ్వితే గొయ్యి తవ్వావా అని మరదలు పేర్లు పెట్టేది. ఇద్దరూ పొద్దున్నుంచీ ఇలా సాధించుకుంటూనే ఉండేవాళ్ళు, మడి మాత్రం పచ్చగా కళకళలాడుతూ ఉండేది.

వదిన పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆ తమ్ముడే మరదలి భర్త. లారీ తోలుతాడు, ఇంట్లో ఉన్న రోజులకన్నా దారిలో ఉన్న రోజులే ఎక్కువ. మరదలు బజారు చివర బట్టల కొట్టులో కుట్టుమిషను మీద పనిచేస్తుంది. ఈమధ్య కొట్టులో పని తగ్గింది. ఆ రెండు గదుల ఇంట్లో కంచంలోకి వచ్చే కూర సగం ఆ మడిదే. కానీ ఆ మడి కూర కోసమే కాదని మరదలికి తెలుసు. వదిన గడప దాటి తనంతట తాను వెళ్ళే చోటు అదొక్కటే.

తోటకూర పోయిన వారంలోనే సంఘం కూర్చుంది. సంఘానికి పెద్ద, పక్క బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ. బడి నుంచి నేరుగా వచ్చేది, వేళ్ళకి సుద్దపొడి కూడా కడుక్కునేది కాదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఎవరికి జ్వరం వచ్చినా ముందు వెళ్ళి పలకరించేది ఆవిడే. ఆరోజు మాత్రం ముఖం పీక్కుపోయి ఉంది. మున్సిపల్ ఆఫీసు వాళ్ళు టేపు పట్టుకుని వచ్చి స్థలం కొలుచుకు వెళ్ళారట. కార్లు నిలుపుకోవడానికి చోటు కావాలంటున్నారట. ఇక్కడ ఆడవాళ్ళు పొద్దుపోక మొక్కలు పెంచుకుంటున్నారని ఎవరో రాసి పంపారట. ఇది ఆట కాదు, పంట అని చూపించాలి, లేకపోతే ఈ గుంటలోకి మళ్ళీ చెత్త కూడా రాదు, సిమెంటే వస్తుంది అందావిడ.

చూపించడానికి ఆవిడకి తోచిన దారి తూకం. ప్రతి మడిలో పండింది రేకుల షెడ్డు కింద కాటా మీద పెట్టాలి. పంట కాలం చివర అన్నిటికన్నా తక్కువ తూగిన మడిని, ఎప్పట్నుంచో మడి కోసం కాచుకుని ఉన్నవాళ్ళకి ఇచ్చేయాలి. నేల ఒక్క అడుగు కూడా ఊరికే ఉండకూడదు.

"ఇది ఎవరి మీదా కోపం కాదమ్మా," అంది టీచరమ్మ. "అందరం మిగలాలంటే ఎవరో ఒకరు కొంచెం జరగాలి."

అందరూ తలలూపారు. జరగాల్సింది తాము కాదనే ప్రతి ఒక్కరి ధీమా. వదిన కూడా గట్టిగా తలూపింది. టీచరమ్మ చెప్పింది సబబే అంది. మా మడి సంగతి నాకొదిలేయండి అని నవ్వింది.

మరదలు నవ్వలేకపోయింది.

వదిన కళ్ళ సంగతి ఇంట్లో ఎవరూ నోరెత్తి అనుకోలేదు. వదిన ఒక్కతే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చి, అద్దాలు మార్చాలన్నాడు అంతే అని చెప్పింది. కొత్త అద్దాలు వచ్చాయి. అవి వచ్చాక కూడా గ్లాసు బల్ల అంచున పెట్టేది, పడిపోయేది. ఇంట్లో మాత్రం ఏ డబ్బా ఎక్కడుందో చేతులకి తెలుసు కాబట్టి రోజు గడిచిపోయేది. తలుపు తోసుకుని మరదలు లోపలికి వస్తే తల ఎత్తకుండానే వచ్చావా అనేది. మరదలూ ఏమీ అడగలేదు. అడిగితే నిజమైపోతుందని భయం.

తోటకూర మళ్ళీ చల్లింది మరదలు. వదిన ఇంకా లేవకముందే వచ్చి, గడ్డి పీకేసి, గుట్టుచప్పుడు కాకుండా విత్తనం జల్లి వెళ్ళింది. మొలిచింది. నాలుగు ఆకులు వేయకముందే వదిన మళ్ళీ, ఈసారి ఇంకా మెల్లగా తడిమి తడిమి, కలుపు తీసింది. మళ్ళీ అదే పచ్చటి కుప్ప గట్టు మీద, మళ్ళీ అదే వెలుగు ముఖంలో. వద్దు నేను చేస్తాలే అని ఆపలేకపోయింది. వంగి పనిచేసేటప్పుడు వదిన సన్నగా కూనిరాగం తీస్తుంది. ఇంట్లో ఎప్పుడూ తీయదు.

ఒకరోజు వంటగదిలో వదిన ఆకుకూరలు బాగుచేస్తోంది. కొత్తిమీర కట్టలో ఏదో పిచ్చి ఆకు కలిసి వచ్చింది. వదిన ఒక్కో రెమ్మని వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, పిచ్చి ఆకుని టకటకా పక్కకి విసిరేస్తోంది. చూపు ఎటో కిటికీ వైపు ఉంది. చేతులు మాత్రం మిషను సూదిలా ఆడుతున్నాయి. మరదలు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

ఆ మర్నాడే మడి మొత్తం తిరగేసింది. ఒక పక్క పుదీనా కాడలు గుచ్చింది. నడుమ కొత్తిమీర, ఈ చివర మెంతికూర, గట్టు వెంబడి వాము. బరువుకి పనికొస్తుందని ఒక వరుస టమాటా కూడా పెట్టింది. టమాటా ఆకు వాసన పసిపిల్లలైనా పోల్చుకుంటారు కదా అనుకుంది. ఈ ఆకులన్నీ ఎందుకే అని వదిన అడిగితే, సొరకాయలు మోసీ మోసీ నా నడుం పడిపోయింది, ఈ కాలానికి ఆకుకూరలే అని చెప్పింది. వదిన ఊఁ అంది.

అప్పట్నుంచి వదిన చేతులకి మళ్ళీ ప్రాణం వచ్చింది. మొలక తగలగానే నలిపి వాసన చూసేది, తనదైతే వదిలేది, కాకపోతే పీకేది. ముందు మెల్లగా, తర్వాత నలపకుండా ఒట్టి తాకుడుతోనే. పక్క మడుల వాళ్ళు సగం మడి పూర్తిచేసేసరికి వదిన మొత్తం ముగించి కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఆ తోటలో ఎవరి మడిలోనూ అంత శుభ్రం లేదు. ఒక్క గడ్డిపరక కనబడేది కాదు. పని పొందిక చూడాలంటే పెద్దక్క మడికే వెళ్ళాలి అని టీచరమ్మే కొత్తవాళ్ళకి చెప్పింది.

కానీ కాటాకి శుభ్రంతో పనిలేదు. టమాటాకి ముడత తెగులు వచ్చి ఆకులు ముడుచుకుపోయాయి, కాయ నిలవలేదు. పుదీనా గంపెడు కోసి తెచ్చి పెడితే కాటా పళ్ళెం కదిలీ కదలనట్టు కదిలి ఆగిపోయేది. పక్కావిడ నాలుగు సొరకాయలు పెడితే ధడాలున దిగిపోయేది. ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడకి నోటి దురుసు ఎక్కువ, మనసులో ఏమీ ఉండదు. ఒకరోజు వరుసలో నిలబడి గట్టిగా అంది.

"పెద్దక్కా, మీ మడి పక్క నుంచి పోతే ఆకలేస్తోంది. మీ తూకం చూస్తే నవ్వొస్తోంది."

"నవ్వితే నవ్వావు గానీ ఆ గాలికి నా పుదీనా ఎగిరిపోద్ది, కొంచెం దూరంగా నవ్వు," అంది వదిన.

అందరూ ఘొల్లుమన్నారు. వదిన కూడా నవ్వింది. ఇంటికి వెళ్ళేదారిలో మాత్రం, ఎంత తూగిందే అని అడిగింది. మరదలు చెప్పింది. వదిన ఆ అంకెని పెదాల మీదే మరోసారి అనుకుంది.

తర్వాతి తూకం రోజు మరదలికి కొట్టులో పని ఆలస్యమైంది. పరిగెత్తుకుంటూ వచ్చేసరికి షెడ్డు కింద అందరూ గుమిగూడి ఉన్నారు. మధ్యలో కాటా, కాటా మీద పుదీనా కట్టలు. పళ్ళెం అంచుల నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. వదిన కట్టలన్నిటినీ నీళ్ళ పీపాలో ముంచి తెచ్చింది. పైపైన దులిపాననుకుంది. ఎంత కారుతోందో ఆమెకి కనబడలేదు. కింద సిమెంటు మీద మడుగు కట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆ మడుగునే చూస్తున్నారు, వదిన మాత్రం కాటా వైపు ముఖం పెట్టి, ఈసారి పర్వాలేదు కదా అన్నట్టు నిలబడి ఉంది.

టీచరమ్మ ఒక కట్ట తీసి గట్టిగా విదిలించింది. నీళ్ళు అందరి మీదా పడ్డాయి.

"పెద్దక్కా, మీరు కూడానా?" అంది. గొంతులో కోపం లేదు. అదే మరదలికి ఎక్కువ గుచ్చుకుంది.

వదిన ముఖం చిన్నబోయింది. ఒక్క క్షణమే. వెంటనే సర్దుకుని, ఎండకి వాడిపోతాయని ముంచాను తల్లీ, ఆరాకే తూచండి, తొందరేముంది అంది. ఎవరూ నవ్వలేదు. కట్టలు విప్పి రేకు మీద ఆరబెట్టారు. ఆరాక తూచారు. అప్పట్నుంచి ఆకులు పొడిగా ఉంటేనే తూకం అని టీచరమ్మ కొత్త మాట చెప్పింది. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేకపోయింది.

కాలం చివరికి వచ్చేసరికి ఏ మడి ఆఖరున ఉందో లెక్క చూడకుండానే అందరికీ తెలుసు.

టీచరమ్మ మరదలిని వెతుక్కుంటూ బట్టల కొట్టుకి వచ్చింది. మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, గుడ్డ ముక్కల్ని వేళ్ళతో మడతపెడుతూ మెల్లగా మొదలుపెట్టింది. పెద్దక్కకి కళ్ళు కనబడటం లేదని తనకి ఆ తడి పుదీనా రోజే అర్థమైందట. మరదలు ఎందుకు ఆకులే వేసిందో కూడా ఊహించగలిగిందట. నీ చేత్తో నువ్వు వేరే జోడీతో సొర, వంగ వేసి ఉంటే ఈ మడి మొదటి వరుసలో ఉండేదని నాకు తెలుసు అంది. ఆసుపత్రిలో పనిచేసే నర్సు ఒకామె మడి కోసం ఎప్పట్నుంచో కాచుకుని ఉంది, చురుకైన మనిషి. జోడీ మారితే మడి పోనక్కర్లేదు. దానికి సంఘం అడ్డు చెప్పకుండా తను చూసుకుంటుందట.

"మరి వదిన?" అంది మరదలు.

"రోజూ వచ్చి కూర్చోవచ్చు. ఎవరు కాదంటారు? నీడలో కుర్చీ వేద్దాం. కానీ ఆ మాట ముందు నీ నోటి నుంచి రావాలి. నేనంటే బయటివాళ్ళు అన్నట్టుంటుంది."

మరదలు మిషను తొక్కడం ఆపలేదు. ఆపితే ఆ చప్పుడు లేని చోట ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. ఆలోచించి చెబుతానంది. ఆవిడ వెళ్ళాక చూసుకుంటే, కుట్టాల్సిన చొక్కా చేతికి రెండు పక్కలూ కలిపి కుట్టేసింది. చెయ్యి దూరే దారి లేదు. విప్పుతూ కూర్చుంది.

వదినతో ఏమీ చెప్పలేదు. చెప్పాలని రెండు మూడుసార్లు పక్కన కూర్చుంది. వదిన మెంతికూర ఒలుస్తూ, తమ్ముడు ఈసారి వచ్చినప్పుడు పారకి కొత్త కర్ర వేయించమనాలి, పాతది ఊగుతోంది అంది. వచ్చే కాలానికి పుదీనాని ఇంకొంచెం ఆ చివరికి జరుపుదామా అని అడిగింది. మరదలు సరేనంది. 

సంఘం కూర్చున్న సాయంత్రం షెడ్డు కింద అందరూ చాపల మీద సర్దుకున్నారు. నర్సు వెనకాల స్తంభానికి ఆనుకుని నిలబడింది, పని దుస్తుల్లోనే ఉంది. టీచరమ్మ ఒక్కో మడి గురించి చెప్పుకుంటూ వచ్చింది. కిందటి కాలం కన్నా ఈసారి ఎంత ఎక్కువ పండిందో చెప్పి, ఆఫీసు వాళ్ళు సంతోషించారంది. చప్పట్లు కొట్టారు. వదిన కూడా కొట్టింది. చివరికి ఆఖరు మడి దగ్గరికి వచ్చి ఆగింది.

"ఈ మడి విషయంలో తూకం ఒక్కటే చూస్తే సరిపోదు," అంది. "పనిచేసే చేతులు మంచివే. అందుకే అడుగుతున్నాను. మీ జోడీ ఇలాగే ఉండాలనుకుంటున్నారా? నువ్వు చెప్పమ్మా."

అందరి తలలూ మరదలి వైపు తిరిగాయి. వదిన తల కూడా తిరిగింది, కాస్త పక్కకి, ఇస్త్రీ ఆవిడ కూర్చున్న వైపు. ఆ ముఖంలో భయం లేదు. మరదలు ఏదో దెప్పుడు మాట అంటుంది, తను తిప్పికొట్టాలి అని కాచుకున్నట్టు పెదవి చివర చిన్న నవ్వు సిద్ధంగా ఉంది.

ఉండాలి అనే ఒక్క మాట చాలు. మడి పోతుంది, పోతే పోనీ. మరదలికి అది తెలుసు. కానీ ఆ క్షణంలో ఆమె కళ్ళ ముందు మెదిలింది సగం ఖాళీ అయిన కూర గిన్నె. వేకువనే లేచి దొంగలా విత్తనం చల్లిన పొద్దులు. పళ్ళెం కదలని కాటా. నవ్వులు. ఇంకొక్క కాలం ఇలా మోయగలనా అనిపించింది. నోరు తెరిచింది. మాట రాలేదు. రెండోసారి తెరవలేదు.

షెడ్డు రేకుల మీద ఏదో పక్షి నడుస్తున్న చప్పుడు వినిపించింది. ఎవరో దగ్గారు. వదిన పెదవి మీది నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"నన్నడగరేం?" అంది వదిన. గొంతు మామూలుగానే ఉంది. "నా మోకాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి. వంగితే లేవలేను, లేస్తే వంగలేను. ఈ పిల్ల మొహమాటపడి చెప్పడం లేదు గానీ, నా చోటు ఆ నర్సమ్మకి ఇచ్చేయండి. గట్టి పిల్లట కదా."

అంతా తేలికైపోయింది. టీచరమ్మ పెద్దక్క పెద్దమనసు గురించి నాలుగు మాటలు చెప్పింది. నీడలో కుర్చీ వేస్తామంది. నర్సు వచ్చి వదిన చేతులు పట్టుకుని, మీరే నేర్పాలి అంది. ఇస్త్రీ ఆవిడ మాత్రం కొంగుతో ముక్కు తుడుచుకుంది. మరదలు చాప అంచు నుంచి ఒక పుల్ల పీకుతూ కూర్చుంది. ఏడుపు రావాల్సింది. దానికి బదులు లోపల ఎక్కడో ఒక చిన్న మూల తేలికపడింది. ఆ తేలిక తెలిసి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు వదిన ఆమె మోచెయ్యి పట్టుకుంది. అంతకుముందు ఎప్పుడూ పట్టుకునేది కాదు, గోడ వెంబడి తడుముకుంటూ వచ్చేది. ఇద్దరూ పాలబూతు దాటారు, సైకిళ్ళు బాగుచేసే చోటు దాటారు.

"పుదీనా, కొత్తిమీర, వాము," అంది వదిన. "మొత్తం నా ముక్కు కోసమే వేశావు కదే."

మరదలి అడుగు తడబడింది.

"నాకు తెలుసని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. తోటకూర పీకిన రోజు. బాగుంది వదినా అన్నావు చూడు, అప్పుడే ఏదో నాశనం చేశాననుకున్నా. నా పని బాగుందని నువ్వు పుట్టి బుద్ధెరిగి ఎప్పుడైనా అన్నావా?"

మరదలికి నవ్వొచ్చింది, అది నవ్వుగా బయటికి రాలేదు. వదిన కాసేపు నడిచింది. ఎదురుగా మోటారుబండి వస్తుంటే చప్పుడు విని పక్కకి ఒదిగింది.

"మడి పోయినందుకు కాదు," అంది తర్వాత. "కాసేపు ఆగాను. నువ్వేమైనా అంటావేమోనని."

అంతే. ఆ తర్వాత ఆ మాట ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు.

నర్సు నిజంగానే చురుకైన మనిషి. ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పులైనా మార్చకుండా దిగేది. మొదటి రోజే పుదీనా మొత్తం వేళ్ళతో సహా తవ్వి పారేసింది. వంగ నాటారు, బెండ పెట్టారు, తడికె కట్టి సొర పాకించారు. ఎవరు నీళ్ళు పోయాలో, ఎవరు కోయాలో ఆమె ముందే చెప్పేసేది. మాటలు తక్కువ, పని ఎక్కువ. కాటా పళ్ళెం ధడాలున దిగడం మొదలుపెట్టింది. ఆఫీసు వాళ్ళు వచ్చి మడులకి ఫొటోలు తీసుకున్నారు. ఈ మడి ముందు మరదలినీ నర్సునీ నిలబెట్టి, చేతికి చెరో సొరకాయ ఇచ్చి తీశారు. ఇంట్లో కూర గిన్నె నిండింది.

నీడలో కుర్చీ వేశారు. వదిన ఒక్కసారి కూడా వచ్చి కూర్చోలేదు. మోకాళ్ళు అనేది. నిజంగానే మోకాళ్ళు నొప్పి పెడుతున్నట్టు ఇంట్లో కూడా కుంటడం మొదలుపెట్టింది. వంకాయ కూర వడ్డిస్తే తినేది, బాగుందనేది. ఆ బాగుంది వినగానే మరదలు చేతిలో ముద్దని తిరిగి కంచంలో పెట్టేసేది. మడి ఎలా ఉందని మాత్రం అడిగేది కాదు. ఎండ సాగినకొద్దీ కుర్చీ జరుపుకుంటూ కిటికీ పక్కన కూర్చునేది. వేళ్ళు ఒళ్ళో దేన్నో నలుపుతున్నట్టు వాటంతటవే కదులుతుండేవి.

పుదీనా మాత్రం పోలేదు. ఎక్కడో ఒక వేరు ముక్క మిగిలిపోయి, మట్టి కింద నుంచి పాకి, వంగ మొదళ్ళ పక్కన తల ఎత్తేది. ఇవాళ ఒక చోట పీకితే నాలుగు రోజులకి ఇంకో చోట. ఇది వంగ బలమంతా లాగేస్తుంది, కనబడ్డప్పుడల్లా పీకెయ్యి అక్కా అంది నర్సు. తప్పులేదు, నిజమే చెప్పింది. గట్టు మూల ఒక్క పిలకని మరదలు చూసీ చూడనట్టు వదిలేసింది. మర్నాటికి అది కూడా లేదు. నర్సు చేతికి ఏదీ తప్పించుకోదు.

పీకిన రోజుల్లో చేతులకి ఆ వాసన పట్టి ఉండేది. ఇంట్లోకి అడుగు పెట్టగానే వదిన ముఖం తిరిగేది. ముక్కుపుటాలు కొంచెం కదిలేవి. వచ్చావా అనేది, తర్వాత కిటికీ వైపు తిరిగిపోయేది. ఆ రోజుల్లో అన్నం కొంచెమే తినేది. మరదలు అది గమనించింది. అప్పట్నుంచి తోటలోనే కొళాయి దగ్గర కూర్చుని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. సబ్బు ముక్క ఒకటి గోడ సందులో దాచుకుంది. గోళ్ళ సందులు, వేళ్ళ మధ్య, మోచేతుల దాకా రుద్దేది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, ఇంకా ఉంటే మళ్ళీ రుద్దేది. నర్సు చూసి, మా ఆసుపత్రిలో కూడా ఇంతసేపు కడగరు అని నవ్వింది.

ఒకరోజు అలాగే బాగా కడుక్కుని ఇంటికి వచ్చింది. వాన పడేలా ఉంది, మబ్బుకి గదిలో వెలుతురు తగ్గిపోయింది. గడప బయట చెప్పులు విప్పి, తలుపు తోసి లోపలికి వచ్చింది. వదిన కిటికీ పక్కన కుర్చీలో ఉంది. తలుపు చప్పుడు విని తల తిప్పింది. ముక్కుపుటాలు కదిలాయి. వచ్చావా అనలేదు. కుర్చీ చేతుల్ని రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుని, కొంచెం వెనక్కి జరిగింది.

"ఎవరది?" అంది.

మరదలు సబ్బు వాసన వేస్తున్న చేతులతో గడప దగ్గరే నిలబడిపోయింది. నేనే వదినా అనడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.